పీతబండి రోడ్డు దాటిన విధము

ఎయిర్ ఫిల్టర్ స్పాంజిని సబ్బునీళ్ళలో ముంచి మెల్లగా నొక్కుతున్నాను. నొక్కాలి గాని పిండకూడదు. పిండితే చిరుగుతుందని గోడకి అంటించిన కాగితంలో ఉంది. బకెట్లో నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. నిన్నా తెల్లగానే ఉన్నాయి. బండి కదిలితే కదా దుమ్ము పట్టడానికి.

"ఊపిరి తియ్యని బండికి ముక్కు కడుగుతున్నావేటే?" అంది అమ్మ, మోకాలికి ఆముదం రాసుకుంటూ.

నేను స్పాంజిని నీడలో ఆరేశాను. ఎండలో ఆరెయ్యకూడదని కూడా కాగితంలో ఉంది. అది ఆరాక నూనె రాసి దాని గూట్లో పెట్టాలి. తరవాత చైను తుడిచి నూనె వెయ్యాలి. ఇంజనాయిలు పుల్ల ముంచి చూడాలి. బ్రేకులు నొక్కి చూడాలి. టైర్లలో గాలి తక్కువగా ఉందో లేదో చూసుకోవాలి, మరీ తక్కువైతే కొట్టాలి. ఇవన్నీ రోజూ చేస్తున్నందువల్ల మా బండి జిల్లాలోకెల్లా ఆరోగ్యంగా ఉండేది. ఒక్క పని మాత్రం చేసేది కాదు. ఎక్కడికీ వెళ్ళేది కాదు.

మాది రేగులవలస. అమ్మ ఇక్కడ నర్సమ్మ. అసలు పేరు సరోజిని అని జీతం వచ్చినప్పుడే గుర్తొస్తుంది. ఆరోగ్య ఉపకేంద్రం అంటే మా ఇంటి ముందుగది. వెనకగదుల్లో మేము ఉంటాం. మా నాన్న గౌరునాయుడు లారీ నడిపి నడిపి, నడుం పట్టేసి మానేశాడు. ఇంటి ముందు తారురోడ్డు. రోడ్డుకి అవతల, సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా, ఇప్పగూడకి కొండదారి మొదలవుతుంది. అమ్మ ఇన్నేళ్ళూ మందులపెట్టె భుజాన వేసుకుని ఆ దారి ఎక్కింది. ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. కొండమీద ఎవరికైనా జబ్బు చేస్తే కర్రకి దుప్పటి కట్టి, అందులో పడుకోబెట్టి, నలుగురు మగవాళ్ళు భుజాలమీద మోసుకుంటూ దింపుతారు. దాన్ని డోలీ అంటారు.

ఆ డోలీని రూపుమాపడానికే బండి మంజూరైంది. బొద్దు టైర్లు నాలుగు, పక్కలకి చాచిన ఇనుప చేతులు, పైన ఒక సీటు. ఊరు చూసీ చూడగానే దానికి పీతబండి అని పేరు పెట్టేసింది. అమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఇప్పగూడలో లక్కాయి అనే పిల్లకి నెలలు నిండుతున్నాయి, తొలి కాన్పు. కాళ్ళు వాచి, రక్తపోటు ఎక్కువగా ఉంది. "ఇంక వారం వారం ఎల్లి చూసొచ్చీగలను" అని అమ్మ వీధంతా చెప్పుకుంది.

మర్నాడు లింగమూర్తిగారు వచ్చి, బండి నిర్వహణ కాగితం గోడకి అంటించారు. ఆయన దుర్గమ ప్రాంత వాహన సమన్వయాధికారి. మనిషి మంచివారే. టీ తాగేముందు గ్లాసుకి కూడా నమస్కారం పెట్టేలా ఉంటారు.

"ఇది ఆల్ టెరైన్ వాహనము," అన్నారు బండి చుట్టూ తిరుగుతూ. "అనగా సకల భూతలములయందూ సంచరించగలది. బురద, ఇసుక, రాయి, రప్ప, ఏదైనా సరే. ఒక్క రోడ్డు మినహా."

నాన్నకి అర్థం కాలేదు. "రోడ్డంటే ఏ రోడ్డండి బావూ?"

"ప్రజా రహదారి ఏదైనను. దీనికి నంబరు ప్లేటు లేదు, మలుపు దీపాలు లేవు, ఈ టైర్లు తారుమీద పట్టు నిలపవు. కనుక దీని చక్రము ప్రజా రహదారిని స్పృశించరాదు."

అందరం రోడ్డు వైపు చూశాం. ఒక కుక్క దాన్ని దాటుతోంది. బీడీ వెలిగించుకునేలోగా ఎవరైనా దాటెయ్యగల రోడ్డు అది.

"కొండకి ఎల్లాలంటే ఇది దాటాలి గదండీ," అన్నాడు నాన్న.

"దాటుట కూడా సంచారమే."

"ఇంజనాపీసి తోసుకెల్తేనో?"

"ఇంజను ఆగినను చక్రము తిరుగును కదా."

అమ్మ ఊరుకోదు. "పోనీ అటేపే ఉంచీసుకుంటామండి. దారి మొదట్లో చిన్న పాక ఏసీసుకుని."

"అటువైపు అటవీ భూమి, సరోజినిగారూ. వాహనము నిలిపినచో ఆక్రమణ. పైగా ఉపకేంద్రం ఆవరణలోనే ఉంచవలెనని మంజూరు ఉత్తర్వు."

"మరి మొన్న ఇక్కడికెలా వచ్చీసిందండి?"

"లారీపై వచ్చినది. లారీపై ఉన్నంతసేపు అది వాహనము కాదు, సరుకు," అన్నారు లింగమూర్తిగారు. ఆ మాట అన్నాక ఆయనే ఒక్కక్షణం ఆగిపోయారు. గొప్ప ఆలోచన వచ్చినప్పుడు ఆయన కుడిచెవి పట్టుకుంటారని అప్పుడే గమనించాను. "సరుకును మోయుటకు అభ్యంతరము లేదు!"

ఆ మాట కాగితంమీదికి వచ్చేదాకా బండి కదల్లేదు. వచ్చాక ఇప్పగూడ డోలీ మోసేవాళ్ళకి కబురు వెళ్ళింది.

వాళ్ళు కర్రలు, మోకులు పట్టుకుని కొండ దిగారు. ముందున్నవాడు సుక్కన్న, లక్కాయి మొగుడు. ఎవరికో బాగులేదనుకుని పరుగున వచ్చారు పాపం. మోయవలసింది బండినని తెలిసి సుక్కన్న చాలాసేపు దాన్నే చూశాడు.

"బావూ, ఈ బండొత్తే మీరింక మొయ్యక్కర్నేదన్నారు గదా?"

"అవును. మోయనవసరం లేని దశకు చేరుటకు ఇది మధ్యంతర ఏర్పాటు," అన్నారు లింగమూర్తిగారు.

"మనిషైతే మూలుగుతాది. బతికున్నాదో నేదో తెలుత్తాది. ఇది మూలగదు," అన్నాడు సుక్కన్న, మోకు బిగిస్తూ.

మొదటిసారి నలుగురు ఎత్తారు, లేవలేదు. ఎనిమిదిమంది ఎత్తారు, లేచింది. రెండు గేదెల బరువుంటుందని తరవాత చెప్పారు. అమ్మ బండి ఎక్కబోతే లింగమూర్తిగారు వారించారు. మనిషి ఎక్కితే మళ్ళీ వాహనమైపోతుందట. అమ్మ మందులపెట్టెతో పక్కన నడిచింది. భుజాలమీద ఏది ఊరేగినా కాళ్ళమీద పసుపునీళ్ళు పొయ్యడం మా ఊళ్ళో అలవాటు. ఆ అలవాటుకొద్దీ వీధిలో ఆడవాళ్ళు బిందెలతో వచ్చి, మోసేవాళ్ళ కాళ్ళమీద పోశారు. మా పక్కింటి సింహాచలమ్మ పిన్ని బండి హెడ్‌లైటుకి బొట్టు కూడా పెట్టింది. లింగమూర్తిగారు దానికి అడ్డు చెప్పలేదు. వాహనము తడిపి శుభ్రపరచుట నిర్వహణలో భాగమే అని రాసుకున్నారు.

అవతల బండి దిగగానే అమ్మ ఎక్కి కూర్చుని రయ్యిన కొండెక్కిపోయింది. మోసేవాళ్ళు దాని వెనకే పరుగెత్తారు. తిరిగొచ్చినప్పుడు రోడ్డు దాటించడానికి వాళ్ళు కిందుండాలి, వాళ్ళ ఇళ్ళేమో పైనున్నాయి. అందుకని బండి ఎటు వెళ్తే అటు వాళ్ళూ వెళ్ళాల్సి వచ్చింది. లక్కాయికి రక్తపోటు చూసి, మాత్రలిచ్చి, నెలలు నిండకముందే కిందికి దించి ఆస్పత్రిలో చేర్పించాలని అమ్మ గట్టిగా చెప్పి వచ్చింది. ఆ రోజు అమ్మ మోకాలికి ఆముదం రాసుకోలేదు. బదులు ఎనిమిదిమంది భుజాలకి రాసింది.

ఈ ఏర్పాటు ఎన్నాళ్ళో సాగలేదు. రెండోసారి బండి రోడ్డు మధ్యలో ఉండగా మోకు తెగింది. బండి తారుమీద పడకూడదని మోసేవాళ్ళు అలాగే ఒంగి పట్టుకుని నిలబడ్డారు. బస్సు వచ్చి ఆగింది. దాని వెనక జీడిపిక్కల లారీ, దాని వెనక పెళ్ళివారి ఆటో. నాన్న కొత్త మోకు తెచ్చేదాకా అలాగే ఉండిపోయారు. పెళ్ళివారు పైవాళ్ళకి ఫిర్యాదు చేశారు.

లింగమూర్తిగారు మళ్ళీ వచ్చారు. రోడ్డుని ఇటునుంచి చూశారు, అటునుంచి చూశారు. కుడిచెవి పట్టుకున్నారు.

"సమస్య వాహనము కాదు. వాహనము నిర్దోషి. సమస్య రోడ్డు. రోడ్డు లేనిచో నిషేధము లేదు."

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మా గుమ్మానికీ కొండదారికీ మధ్య ఉన్న రోడ్డు ముక్క ఇకనుంచి ప్రజా రహదారి కాదు. అది ఏటీవీ క్షేత్రం, అంటే పీతబండిలాంటి ఆల్ టెరైన్ వాహనాలు మాత్రమే తిరిగే నేల. ఉత్తర్వు వెనకే పొక్లెయిన్ వచ్చి ఆ ముక్కమేర తారు గీకేసింది. నాన్న అరుగుమీద కూర్చుని చూస్తూ ఉండిపోయాడు.

"ఈ తారు ఎయ్యించడానికి మా అయ్య ఎంతమంది కాళ్ళు పట్టుకున్నాడో," అన్నాడు. "తియ్యించడానికి ఎవుల కాళ్ళూ పట్టక్కర్నేదు గావాల."

తారు తీశాక నేల మరీ చదునుగా ఉందని లింగమూర్తిగారికి అసంతృప్తి కలిగింది. చదునుగా ఉంటే రోడ్డని ఎవరైనా పొరపాటుపడవచ్చు. అందుకని రెండు ట్రాక్టర్ల బండరాళ్ళు తెప్పించి పోయించారు. మధ్యలో ఒక గుంట తవ్వించారు. ఇది ప్రజా రహదారి కాదు అని రెండువైపులా బోర్డులు పెట్టించారు.

మర్నాడు పొద్దున్న పట్నం బస్సు వచ్చి ఆ రాళ్ళముందు ఆగింది. డ్రైవరు దిగి బోర్డు చదివాడు. మళ్ళీ చదివాడు.

"దాటించీ బావూ, మెల్లగా దాటించీ," అన్నారు జనం.

"నా పర్మిట్టు రోడ్డుమీద. ఇక్కడ రోడ్డు నేదని గవర్నమెంటే రాసింది గదా. రేపు ఏదైనా అయితే నీకిస్తారా ఇన్సూరెన్సు?" అని అతను బస్సు వెనక్కి తిప్పుకున్నాడు.

ఆ రోజునుంచి పట్నం బస్సు రాళ్ళకి అవతల, కొండదారి వైపు చివరే ఆగిపోయేది. మా వైపు ఊళ్ళ బస్సు ఇవతల, మా గుమ్మం వైపు చివర ఆగిపోయేది. దిగినవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని రాళ్ళమీంచి నడవబోతే లింగమూర్తిగారు రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"ఏటీవీ క్షేత్రంలో పాదచారులు నిషిద్ధము. వేగముగా వాహనము వచ్చినచో?"

"ఆ వాహనం ఇంట్లో ఉందండి," అంది అమ్మ.

"రావచ్చును కదా."

నడిచి దాటకూడదు, బస్సులో దాటకూడదు. ఇక ఆ నేలమీద తిరగడానికి అర్హత ఉన్నది ఒక్కటే మిగిలింది. ఆ విధంగా మా పీతబండి పనిలో పడింది. నాన్న దానికి డ్రైవరయ్యాడు. ఇవతల బస్సు దిగినవాళ్ళని ఒక్కొక్కరినే వెనకాల కూర్చోబెట్టుకుని, రాళ్ళెక్కి, గుంటలో దిగి, అవతలి బస్సు దగ్గర దింపేవాడు. అటునుంచి ఒకరిని ఎక్కించుకుని వచ్చేవాడు. హెల్మెట్ ఒక్కటే. మండలంలో ఉన్న తలలన్నీ అందులో దూరాయి. పొద్దున అందులో మల్లెపూల వాసన ఉండేది, మధ్యాహ్నానికి ఆముదం, సాయంత్రానికి చేపలు. ఒకనాడు సింహాచలమ్మ పిన్ని కోడిని చంకన పెట్టుకుని వచ్చింది. కోడికి హెల్మెట్ లేదని ఆపేశారు.

"దాని తలకాయెంత, నీ బుర్రటోపీ ఎంత!" అని పిన్ని దెబ్బలాడింది. చివరికి కోడి ప్రయాణికురాలు కాదు, సరుకు అని తేల్చారు. సరుకు కాబట్టి మొయ్యాలి. ఇద్దరు డోలీవాళ్ళు దాన్ని కర్రకి కట్టిన బుట్టలో పెట్టి దాటించారు.

అవును, డోలీవాళ్ళని కూడా ఖాళీగా ఉంచలేదు. గుంటలో బండి దిగబడినప్పుడు ఎత్తడానికి, సరుకులు మొయ్యడానికి, వరస తప్పిన జనాన్ని సర్దడానికి వాళ్ళకి ఆకుపచ్చ చొక్కాలిచ్చి, భుజ వాహన సహాయకులు అని పేరు పెట్టారు. పొద్దుననుంచి చీకటిపడేదాకా డ్యూటీ.

ఇప్పుడు ఎయిర్ ఫిల్టర్ కడిగితే బకెట్లో నీళ్ళు బురదగా దిగేవి. చైను రెండుసార్లు బిగించాం. బ్రేకు చెక్కలు మార్చాం. ఆ కాగితం రాసినవాడు ఇంతకంటే సంతోషించే రోజు ఉండదు.

అమ్మ మాత్రం రోజూ అడుగుతూనే ఉంది. "ఒక్క పూట ఇప్పించండి. లక్కాయిని చూసొచ్చీస్తాను."

"జనం బారులు తీరి ఉన్నారు, సరోజినిగారూ. కొండ ఎక్కుట ఈ వాహనము ప్రస్తుత ప్రయోజనములలో లేదు."

ఒకనాడు అమ్మ కర్ర పట్టుకుని నడిచి వెళ్ళొచ్చింది. మర్నాడు మంచం దిగలేకపోయింది. లక్కాయి కాలు వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోందని చెప్పింది. "దింపీయాలి, ఇంక ఆగకూడదు," అంటుంది, ఆకుపచ్చ చొక్కాలవైపు చూస్తుంది. "ఆదివారం డ్యూటీ నేదు నర్సమ్మా, ఆదివారం దింపీసుకుంటాం," అన్నాడు సుక్కన్న. ఆదివారం సంత. సంతరోజున బస్సులు ఎక్కువని సెలవు రద్దు చేశారు.

ఆ తరవాత గురువారం లింగమూర్తిగారు ఒక మెరిసే పలక పట్టుకుని వచ్చారు. జిల్లా మొత్తంమీద ఎక్కువగా వినియోగంలో ఉన్న వాహనంగా మా బండికి గుర్తింపు వచ్చిందట. ఆయన జీపు అవతల ఆగింది. నియమం ప్రకారం హెల్మెట్ పెట్టుకుని, నాన్న వెనక కూర్చుని, గుంటలో ఒకసారి ఎగిరిపడి ఇవతలికి వచ్చారు. మధ్యాహ్నం కావడంతో అమ్మ భోజనానికి కూర్చోబెట్టింది. పప్పు, వంకాయ కూర. సుక్కన్న గుమ్మం దగ్గర నీళ్ళచెంబు పట్టుకుని నిలబడ్డాడు.

"రాష్ట్రానికే ఆదర్శము," అన్నారు లింగమూర్తిగారు పప్పు కలుపుకుంటూ. "రోడ్లన్నిటిపైనా ఇటువంటి క్షేత్రములు..."

అప్పుడే సుక్కన్న తల్లి గంగమ్మ గుమ్మంలోకి వచ్చి కూలబడింది. కాళ్ళనిండా రాళ్ళ గీతలు.

"నర్సమ్మా, పిల్లకి నొప్పులొచ్చీసినాయి. కళ్ళు కనపడ్డంనేదంతంది. మోసీ మొగోళ్ళందరూ ఇక్కడే ఉండిపోనారు. ఊళ్ళో ఒక్కడూ నేడు."

చెంబు సుక్కన్న చేతిలోంచి జారి పడింది. లింగమూర్తిగారు గంగమ్మ కాళ్ళవైపు చూశారు.

"ఈవిడ క్షేత్రమును ఎలా దాటినది? నడిచియా?"

అమ్మ చేతిలో గరిటె పప్పుగిన్నెలో పెట్టేసింది.

"బండి కావాలండి. ఇప్పుడే."

"పరిస్థితి గంభీరతను గుర్తించుచున్నాను. అయితే పర్మిట్టు క్షేత్రమునకే పరిమితము. మీరొక అభ్యర్థన పెట్టినచో నేను స్వయముగా సిఫారసు..."

"అదేటో మీరే రాసుకోండి, తింటూ ఉండండి, పెరుగుంది, అమ్మాయి వేస్తాది," అంటూనే అమ్మ మందులపెట్టె తీసింది. "ఏమయ్యా, తాళం ఇటు పడీ. నూటెనిమిదికి ఫోన్ చేసి అటేపు ఆగమను, ఇటు రావద్దని చెప్పు. ఒరే సుక్కన్నా, ఏడుపు తరవాత, ముందా చొక్కా ఇప్పి కర్ర తియ్యి. మిగతావాళ్ళని పిలు. నేను ముందెల్లి సూది వేస్తాను, మీరు ఎనకాల వచ్చీయండి."

బండి మొదటి నొక్కుకే అందుకుంది. ఆ పొద్దున్నే నేను ఫిల్టర్‌కి నూనె రాశాను. అమ్మ రాళ్ళమీంచి ఎగిరి, గుంటలో దిగి, పైకి లేచి, బస్సు దగ్గర ఆగకుండా నేరుగా కొండదారి పట్టింది. దాని వెనక ఎనిమిదిమంది కర్రలతో పరుగెత్తారు. మా అరుగుమీద ఆకుపచ్చ చొక్కాలు కుప్పగా పడి ఉన్నాయి.

లింగమూర్తిగారు చెయ్యి కడుక్కుని వచ్చి చూసేసరికి రెండువైపులా బస్సులు, రెండువైపులా జనం. మధ్యలో బండి లేదు.

"వాహనము ఎప్పుడు వచ్చును?"

"పిల్ల కిందికి దిగాకండి," అన్నాడు నాన్న. "మీరు నడిస్తే ఇప్పుడే ఎల్లిపోవచ్చు. పది అడుగులుండవు."

ఆయన బోర్డు వైపు చూశారు. కింద సంతకం ఆయనదే. వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

జనం కాసేపు ఆగారు. తరవాత ఎవరో ముసలాయన చెప్పులు చేతిలోకి తీసుకుని రాళ్ళమీద అడుగుపెట్టాడు. వెనకే సింహాచలమ్మ పిన్ని, ఆవిడ వెనక చంటిపిల్లల తల్లులు, మూటలవాళ్ళు. లింగమూర్తిగారు కుర్చీని గోడవైపు తిప్పుకున్నారు. చూస్తే చర్య తీసుకోవాలి కదా. గోడమీద ఎయిర్ ఫిల్టర్ కాగితం ఉంది. సాయంత్రం దాకా అదే చదువుకున్నారు.

పొద్దు వాలుతుండగా కొండదారిలో ముందు డోలీ దిగింది. వెనకాల మెల్లగా, లైటు వేసుకుని పీతబండి. అవతల ఆగి ఉన్న అంబులెన్సులోకి లక్కాయిని ఎక్కించడం మా అరుగుమీంచి కనిపించింది. సుక్కన్న, గంగమ్మ కూడా ఎక్కారు. అంబులెన్సు కదిలిపోయింది. ఆ తరవాత అమ్మ ఇంటికి వచ్చింది గాని ఎవరితోనూ మాట్లాడకుండా ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంది. నాన్న రెండుసార్లు టీ పెట్టాడు. లింగమూర్తిగారు రెండుసార్లూ వద్దన్నారు.

దీపాలు పెట్టే వేళకి ఫోన్ మోగింది. అమ్మ విన్నది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆడపిల్ల. తల్లీ పిల్లా బాగున్నారట. సుక్కన్న ఏడుస్తున్నాడు ఎదవ," అంది. ఇక మొదలైంది. సూది వేసినప్పుడు లక్కాయి చెయ్యి ఎలా పట్టుకుందో, డోలీవాళ్ళు ఆ వాలులో ఎలా దిగారో, బండి ఏ రాయి దగ్గర మొరాయించిందో, అన్నీ చెప్పింది. మధ్యలో లింగమూర్తిగారు గొంతు సవరించుకున్నారు.

"సంతోషము, సరోజినిగారూ. నన్ను అవతలికి కొంచెం దింపించినచో... జీపులో డ్రైవరు ఎదురుచూచుచున్నాడు."

"అయ్యో, ఎందుకు దింపమండి!" అంది అమ్మ. "కాని కొండంతా ఎక్కొచ్చిందండి బండి. ఫిల్టర్ నిండా దుమ్ము. నిర్వహణ చెయ్యకుండా తియ్యకూడదు గదండీ, మీరే అంటించారు. ఏమే, ఆ స్పాంజి తీసి కడుగు. పిండకు, నొక్కు."

నేను స్పాంజి తీసి సబ్బునీళ్ళలో ముంచాను. నీళ్ళు ఎర్రగా దిగాయి. ఇప్పగూడ మట్టి ఎర్రగా ఉంటుంది.

"ఎంతసేపు పట్టును?" అన్నారు ఆయన.

"కడగడం ఎంతసేపండి? ఆరాలి గదా. ఎండలో కూడదు, నీడలోనే ఆరాలి. రేపు మధ్యాన్నానికి ఆరిపోతాది. పడుకోండి, చాప వేస్తాను."

లింగమూర్తిగారు చాపవైపు చూశారు. గోడమీద కాగితంవైపు చూశారు. గుమ్మంలోంచి రాళ్ళకి అవతల వెలుగుతున్న జీపు లైట్లవైపు చూశారు. సంచీ భుజానికి తగిలించుకున్నారు. అరుగుమీదున్న హెల్మెట్ తీసి తలకి పెట్టుకుని, గడ్డంకింద పట్టీ బిగించుకున్నారు. పంట్లాం రెండు మడతలు పైకి మడిచారు. రోడ్డుకి కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, గుమ్మం దిగి రాళ్ళమీద అడుగుపెట్టారు.